లైను కలిసింది గానీ నెట్టు రావట్లేదు

వంటల గురించి, పండుగల గురించి, అమ్మమ్మల గురించి ఇక్కడ ఇప్పటికే చాలా రాశాను. ఇంట్లో నేర్చుకున్న తెలుగు ఇంటి విషయాలకే సరిపోతుందని మనలో చాలామందికి ఒక నమ్మకం. అందుకే ఈసారి వంటింటితో ఏమాత్రం సంబంధం లేని సంగతి ఎత్తుకున్నాను. ఇంటి నుంచి ఫోను లైను మీద ఆఫీసు నెట్‌వర్కులోకి వచ్చేవాళ్ళకి ఇంటర్నెట్ రాకపోతే, తప్పు ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి? 2002లో నేను కాలేజీలో చదువుకుంటూ, ఒహాయోలో ఒక హాస్పిటల్ కంప్యూటర్ హెల్ప్ డెస్కులో సాయంత్రాలు పనిచేసేవాణ్ణి. తెలుగులో ఒక కష్టమైన విషయాన్ని చివరిదాకా చెప్పడం నాకు అక్కడే, ఫోనులోనే అలవాటైంది.

డయల్-ఇన్ ఎరగని చిన్నవాళ్ళు కూడా చదువుతున్నారు కాబట్టి ముందు అది చెప్తాను. కంప్యూటరులో మోడెం అని ఒక చిన్న పరికరం ఉండేది. గోడకున్న ఫోను తీగ దానికి తగిలిస్తే, అది మనిషిలాగే నంబరు కొట్టి హాస్పిటల్‌కి ఫోన్ చేసేది. అవతల ఇంకో మోడెం ఎత్తేది. రెండూ కాసేపు కీచుమని, గరగరమని అరుచుకుని, ఎంత వేగంతో మాట్లాడుకోవాలో తేల్చుకునేవి. తర్వాత పేరు, పాస్‌వర్డ్ అడిగేది. అవి సరిపోతే మీ కంప్యూటరుకి లోపలి అడ్రసు ఒకటి ఇచ్చేది. ఇక అక్కడి నుంచి మీరు ఇంట్లో కూర్చున్నా హాస్పిటల్ లోపల కూర్చున్నట్టే లెక్క. వేగం మాట చెప్తే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. డబ్బా మీద 56కే అని రాసి ఉన్నా, అవతలి వైపు డిజిటల్ లైను లేకపోతే 33.6 కిలోబిట్లు దాటదు. మా హాస్పిటల్లో ఉన్నవి మామూలు ఫోను లైన్లే. పాత తీగలున్న పల్లెల్లో 26, 28 వస్తే సంతోషించాల్సిందే.

వచ్చే ఫోన్లలో చాలావరకు సులభమైనవే. తెర మీద ఒక నంబరు వస్తుంది, ఆ నంబరే రోగం పేరు. 680 అంటే డయల్ టోన్ లేదు, తీగ ఊడిపోయి ఉంటుంది. 676 అంటే అవతల బిజీ. 678 అంటే అవతల ఎవరూ ఎత్తలేదు. 691 అంటే పేరో పాస్‌వర్డో తప్పు, ముందు క్యాప్స్ లాక్ చూసుకోమనాలి. మధ్యమధ్యలో లైను తెగిపోతుంటే కాల్ వెయిటింగ్‌ని అనుమానించాలి. ఎవరైనా ఫోన్ చేసినప్పుడు వచ్చే ఆ చిన్న బీప్ చాలు, మోడెంల మాట తెగిపోవడానికి. హాస్పిటల్ నంబరుకి ముందు స్టార్ 70, దాని పక్కన ఒక కామా పెడితే ఆ ఒక్క కాల్‌కి అది ఆగుతుంది. మోడెం భాషలో కామా అంటే రెండు సెకన్లు ఆగు అని. మా టీచర్లు ఎంత చెప్పినా ఎక్కని సంగతి నాకు మోడెం దగ్గర ఎక్కింది.

కష్టమైనవి ఏ నంబరూ రానివి. లైను కలుస్తుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది, పని మాత్రం జరగదు.

అలాంటి ఫోనే అక్టోబరులో ఒక సాయంత్రం వచ్చింది. హాస్పిటల్‌కి నలభై మైళ్ళ దూరంలో, ఒక చిన్న ఊళ్ళో ఉండే ఆవిడ. ఇంగ్లీషులోనే మొదలుపెట్టారు. నా పేరు వినగానే ఆగి, "తెలుగువారా అండీ?" అన్నారు. ఆ తర్వాత మొత్తం తెలుగే. ఆవిడది కోనసీమ. మా అమ్మానాన్నలది నిజామాబాద్. ఆవిడ మాటకి ముందు వచ్చే "ఆయ్" నేను అప్పటిదాకా సినిమాల్లోనే విన్నాను.

ఆవిడ మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసేవారు. డాక్టరు రోగిని చూసొచ్చి మైకులో చెప్పినది విని, టైపు చేసి, తిరిగి పంపడం. ఆ రోజుల్లో హైదరాబాదులోనూ ఈ పని చేసే కంపెనీలు చాలా ఉండేవి, మీ చుట్టాల్లోనే ఎవరో ఒకరు చేసి ఉంటారు. డబ్బులు లైను లెక్కన. లైను అంటే 65 అక్షరాలు. లైనుకి కొన్ని సెంట్లు. వచ్చిన ఆడియోని 24 గంటల్లో తిప్పి పంపాలి. అంతకు ముందు ఏడాది ఆవిడ భర్తకి ఉద్యోగం పోయింది. "ఇల్లు ఈ లైన్ల మీదే నడుస్తోంది బాబూ" అన్నారు. ఏ లైన్లో నాకు ఒక్క క్షణం తెలియలేదు. ఫోను లైనా, టైపు చేసే లైనా? రెండూ నిజమే.

సమస్య ఇది. వాళ్ళబ్బాయి కొత్త కంప్యూటరు కొనిచ్చి, కేబుల్ ఇంటర్నెట్ పెట్టించి వెళ్ళాడు. నెట్టు బ్రహ్మాండంగా వస్తోంది. హాస్పిటల్‌కి డయల్ చేసిన మరుక్షణం పోతోంది. లైను పెట్టేస్తే మళ్ళీ వస్తోంది. డయల్ చేసి ఉన్నప్పుడు హాస్పిటల్ ఫైళ్ళు తెరుచుకుంటున్నాయి, బయటి పేజీ ఒక్కటీ తెరుచుకోదు. "లైను కలిసింది గానీ నెట్టు రావట్లేదు" అన్నారు. ఈ వాక్యం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. కనెక్షన్ అనే మాట లేకుండా కనెక్షన్ గురించి చెప్పారు.

టైపు చెయ్యడానికి నెట్టు ఎందుకు అని మీరు అడగొచ్చు. ఆవిడ సూపర్‌వైజరూ అదే అడిగింది. ఆ సమయంలో మార్కెట్లో సెలెబ్రెక్స్ అని ఒక మందు, సెలెక్సా అని ఒకటి, సెరెబిక్స్ అని ఒకటి ఉండేవి. మొదటిది కీళ్ళ నొప్పులకి, రెండోది మనసు కుంగుబాటుకి, మూడోది మూర్ఛకి. అలసిపోయిన డాక్టరు రాత్రి పదింటికి మైకులో గొణిగితే మూడూ ఒకేలా వినిపిస్తాయి. ఆవిడ దగ్గరున్న మందుల పుస్తకం పోయిన ఏడాదిది. అనుమానం వస్తే నెట్టులో చూడాలి, లేదా ఖాళీ వదిలి పంపాలి. ఖాళీలు ఎక్కువైతే పని నాణ్యత బాగాలేదంటారు. వెతుక్కుంటూ కూర్చుంటే 24 గంటలు దాటుతాయి. ఆ నెలలో అప్పటికే రెండు సార్లు దాటింది. మూడోసారి దాటితే ఆవిడ వాటా పని వేరే వాళ్ళకి వెళ్తుందని చెప్పేశారు. కేబుల్ వాళ్ళేమో మా లైను బాగానే ఉందన్నారు. సూపర్‌వైజరేమో హాస్పిటల్ లైను కలుస్తోందిగా, ఇంటర్నెట్ నీ సొంత వ్యవహారం అంది. నిజానికి ఇద్దరూ చెప్పింది సరైనదే. తప్పు ఆ రెంటి మధ్యలో ఉంది, మధ్యలో ఉన్న తప్పుకి యజమాని ఉండడు.

ఇక్కడ డయల్-ఇన్ వాళ్ళతో ఉండే అసలు చిక్కు చెప్పాలి. ఆవిడ ఇంట్లో ఫోను లైను ఒక్కటే. ఆ ఊళ్ళో సెల్‌ఫోనుకి సిగ్నల్ లేదు. మోడెం మాట్లాడుతుంటే ఆవిడ మాట్లాడలేరు. ఆవిడ నాతో మాట్లాడుతుంటే మోడెం డయల్ చెయ్యలేదు. అంటే తప్పు జరిగే సమయంలో నేను ఎప్పుడూ లైనులో ఉండను. నేను చెప్పింది ఆవిడ కాగితం మీద రాసుకోవాలి, ఫోను పెట్టేయాలి, డయల్ చెయ్యాలి, ఒక్కొక్కటే చేసి తెర మీద కనిపించింది రాసుకోవాలి, లైను పెట్టేసి, మళ్ళీ నాకు ఫోన్ చేసి చదివి వినిపించాలి. మధ్యలో "అది కాదు, దాని పక్కది" అనడానికి నేను ఉండను. నా వాక్యాలు నేను లేకుండా నిలబడాలి.

మనలాంటి వాళ్ళ తెలుగుకి ఇది చాలా కష్టమైన పరీక్ష. నాకు తెలిసిన క్రియలన్నీ నాకు చెప్పినవే: తియ్యి, పెట్టు, మూసెయ్యి, బంద్ చెయ్యి, లే. అమ్మ నాతో అన్నవి. అవి అమ్మ వయసున్న ఆవిడతో అనలేను. ప్రతి దాని చివరా అండి చేర్చుకుంటూ పోవాలి: తియ్యండి, పెట్టండి, మూసెయ్యండి. ఇది వినడానికి సులభం. ఆ సాయంత్రం మాత్రం నోరు తెరిచే ముందు ప్రతి మాటనీ ఒకసారి లోపల తిప్పుకున్నాను. ఆవిడ మొదట్లో నన్ను "మీరు" అన్నారు, నా వయసు ఇరవై అని తెలిశాక "నువ్వు" లోకి వచ్చేశారు. నేను "ఆంటీ" అన్నాను, మీరు లోనే ఉండిపోయాను.

ఇంకోటి, -తే, -కపోతే. మరమ్మతు పనంతా ఈ రెండింటి మీదే నడుస్తుంది. నంబరు వస్తే ఇది చెయ్యండి, రాకపోతే అది చెయ్యండి. పేజీ తెరుచుకుంటే అక్కడితో ఆపండి, తెరుచుకోకపోతే ఏం కనిపించిందో రాసుకోండి. రాకపోతే, కాకపోతే, లేకపోతే: ఈ మూడూ వేరువేరని నాకు ఆ నెలలోనే గట్టిగా తెలిసింది. తెలుగు నేర్చుకునేవాళ్ళు ఎవరైనా అడిగితే, ఒక పాడైన వస్తువు గురించి ఫోనులో వివరించమంటాను. ఇంతకన్నా మంచి అభ్యాసం నాకు తెలియదు.

మొదటి కాగితంలో మూడు పనులే చెప్పాను. డయల్ చేశాక నల్ల తెర తెరిచి, కంప్యూటరుకి హాస్పిటల్ ఇచ్చిన అడ్రసు చూసి రాసుకోవడం. ఒక బయటి సైటుని పేరు పెట్టి పింగ్ చెయ్యడం. అదే సైటుని అంకెలతో పింగ్ చెయ్యడం. పింగ్ అంటే "ఉన్నావా?" అని పిలవడం, అవతలివాళ్ళు "ఉన్నా" అనడం, అంతే. ఆవిడ అరగంటలో తిరిగి ఫోన్ చేశారు. అడ్రసు 192.168తో మొదలైంది. ఇది మంచి కబురు. 169.254తో మొదలై ఉంటే, అడ్రసులు పంచే సర్వరు అవతల పలకలేదని, కంప్యూటరుకి ఉత్తుత్తి అడ్రసు అంటగట్టారని అర్థం. అలాంటప్పుడు లైను కలిసినట్టే ఉంటుంది, ఏదీ పనిచెయ్యదు. పేరు పెట్టి పిలిస్తే పక్కన అంకెలు కనిపించాయి, జవాబు మాత్రం రాలేదు. అంకెలతో పిలిచినా రాలేదు.

పేరుకి అంకెలు దొరికాయంటే డీఎన్ఎస్ బాగానే ఉంది. ఎవరింటికి వెళ్ళాలో తెలుసు, దారే దొరకడం లేదు. ఇంటర్నెట్ రావట్లేదని ఎవరు ఫోన్ చేసినా ముందు ఈ రెండింటినీ విడగొట్టాలి. పేరు తెలియకపోవడం ఒక రోగం, దారి లేకపోవడం ఇంకో రోగం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, మందులు మాత్రం వేరు.

రెండో కాగితం దారి గురించి. నల్ల తెరలో రూట్ ప్రింట్ అని కొడితే కంప్యూటరుకి తెలిసిన దారులన్నీ వరుసగా వస్తాయి. అన్నీ సున్నాలతో మొదలయ్యే వరుస ఒకటి ఉంటుంది. ఏ దారిన వెళ్ళాలో తెలియనివన్నీ ఇటే వెళ్ళాలి అని దాని అర్థం. దాన్నే డిఫాల్ట్ గేట్‌వే అంటారు. నేను "పెద్ద దర్వాజ" అన్నాను, మా ఇంట్లో తలుపుని అలాగే అంటాం. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "వీధి గుమ్మమా?" అన్నారు. అంతకన్నా మంచి మాట నాకు ఇప్పటికీ దొరకలేదు. ఇంట్లో ఎన్ని గదులున్నా, ఎన్ని తలుపులున్నా, ఊరికి వెళ్ళాలంటే వీధి గుమ్మం దాటాలి.

సున్నాల వరుసలు రెండు కనిపించాయని చదివారు. ఒకటి కేబుల్ వైపు, ఒకటి హాస్పిటల్ వైపు. చివర ఉండే మెట్రిక్ అనే అంకె ఏది చిన్నదైతే ఆ దారికే మొగ్గు. హాస్పిటల్ వైపుది 1, కేబుల్ వైపుది అంతకన్నా పెద్దది. అంటే డయల్ చేసిన క్షణాన ఆవిడ ఇంటి వీధి గుమ్మం నలభై మైళ్ళు జరిగి హాస్పిటల్‌కి వెళ్ళిపోతోంది. లైను పెట్టేస్తే మళ్ళీ ఇంటికి వస్తోంది. ఇది పాడవడం కాదు. విండోస్‌లో డయల్-అప్ కనెక్షన్‌కి అలా చెయ్యమని ముందే ఒక టిక్కు పెట్టి ఉంటుంది. కనెక్షన్ ప్రాపర్టీస్, అందులో నెట్‌వర్కింగ్, అందులో టీసీపీ ఐపీ, అందులో మళ్ళీ ప్రాపర్టీస్, అందులో అడ్వాన్స్‌డ్. అక్కడ, అవతలి నెట్‌వర్కు గేట్‌వేనే వాడాలి అనే గడి. ఉల్లిపాయ పొరల్లా ఒకదాంట్లో ఒకటి. ఆవిడకి ఫోను తీసి పెట్టాల్సిన పనే లేకుండా ఇది మాత్రం మాట్లాడుతూనే చేశాం, ఎందుకంటే డయల్ చెయ్యకుండానే మార్చొచ్చు.

టిక్కు తీసి డయల్ చేస్తే నెట్టు వచ్చింది, హాస్పిటల్ పోయింది. ఆవిడ నవ్వారు. "ఒకటి పట్టుకుంటే ఒకటి జారిపోతోంది." కారణం ఇది: గుమ్మం ఇంటి దగ్గరే ఉంచితే, హాస్పిటల్ వైపు ఆవిడ అడ్రసు ఏ వరుసలో ఉందో ఆ ఒక్క వరుసకే దారి మిగులుతుంది. అది 192.168 వైపు చిన్న ముక్క. ఆడియో ఉండే సర్వరు 10తో మొదలయ్యే వైపు ఉంది. దానికి ఒక దారిని చేత్తో రాయాలి. రూట్ యాడ్ అనే ఒక్క ఆదేశం. డయల్ చేసిన ప్రతిసారీ అడ్రసు మారుతుంది కాబట్టి, సర్వరులో ఆవిడ ఖాతాకి ఒక స్థిరమైన అడ్రసు కూడా ఇవ్వాలి. రెండూ సాధ్యమే. కానీ రెండోది నా చేతిలో లేదు. అనుమతి అడిగాను.

వద్దన్నారు. భద్రత చూసేవాళ్ళ వాదన ఇది. టిక్కు తీస్తే ఆవిడ కంప్యూటరుకి ఒకేసారి రెండు గుమ్మాలు తెరుచుకుని ఉంటాయి, వీధి వైపు ఒకటి, హాస్పిటల్ వైపు ఒకటి. వీధి గుమ్మంలోంచి ఎవడైనా దూరితే, దొడ్డి గుమ్మం దాటి హాస్పిటల్లోకి నడిచి వచ్చేస్తాడు. మధ్యలో కాపలా లేదు. రోగుల వివరాల గోప్యత మీద హిపా చట్టం నియమాలు 2003 ఏప్రిల్ 14 నుంచి అమలుకి రానున్నాయి, ఆ శరత్కాలంలో అందరికీ అదే భయం. ఈ విషయంలో వాళ్ళదే సరైన మాట అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. కానీ "వద్దు" అన్నవాళ్ళు "మరి ఎలా" అన్న దానికి జవాబు ఇవ్వలేదు. టికెట్ మీద "యూజరుకి వివరించడమైనది" అని రాసి మూసేశారు. వివరించింది నేను. తెలుగులో.

టిక్కు మళ్ళీ పెట్టించాను. ఆ రాత్రి ఫోను పెట్టేసే ముందు ఆవిడ ఏమీ అనలేదు. "సరే బాబూ, చూద్దాం" అన్నారు. తెలుగులో "చూద్దాం" అంటే ఆశ ఉందనీ అర్థమే, ఆశ లేదనీ అర్థమే.

తర్వాతి వారం ఆవిడ పని నడిపించుకున్న తీరు మాకెవరికీ తట్టనిది. పొద్దున్నే డయల్ చేసి ఆ రోజు ఆడియోలన్నీ ఇంట్లో కంప్యూటరులోకి దించుకునేవారు. ఆ వేగంలో అది గంటల పని, ఆ సమయంలో వంట. లైను పెట్టేసేవారు. ఇప్పుడు నెట్టు ఉంది, వెతుక్కుంటూ టైపు చేసేవారు. సాయంత్రం మళ్ళీ డయల్ చేసి అన్నీ ఒకేసారి పంపేవారు. మధ్యాహ్నం కొత్తగా వచ్చిన అత్యవసరం ఫైళ్ళు మాత్రం ఈ పద్ధతిలో అందవు. వాటికి లైనుకి ఎక్కువ డబ్బులు. అవి వేరే వాళ్ళకి పోతున్నాయి.

ఆ వారంలోనే నాకు ఒక ప్రశ్న పట్టుకుంది. సరే, వీధి గుమ్మం హాస్పిటల్‌కి జరిగింది. హాస్పిటల్‌కి కూడా ఇంటర్నెట్ ఉందిగా? నా బల్ల మీది కంప్యూటరులో అన్నీ తెరుచుకుంటున్నాయి. ఆవిడ ప్యాకెట్లు మా దాకా వచ్చి, మా గుమ్మంలోంచి ఎందుకు బయటికి వెళ్ళడం లేదు? వాళ్ళ భద్రతకీ అదే మేలు, కాపలా దాటుకునే వెళ్తాయి.

మూడో కాగితం. నల్ల తెరలో టి, ఆర్, ఎ, సి, ఇ, ఆర్, టి, ఒక ఖాళీ, సైటు పేరు. ఇది పిలవడంతో ఆగదు, దారిలో ఏ ఏ మజిలీలు తగిలాయో వరుసగా చూపిస్తుంది. ఒక మజిలీ నుంచి జవాబు రాకపోతే అక్కడ మూడు నక్షత్రం గుర్తులు పడతాయి. ఆవిడ ఫోన్ చేసి చదివారు. మొదటి వరుస, డయల్-ఇన్ సర్వరు, జవాబు వచ్చింది. రెండో వరుస, లోపలి రౌటరు, జవాబు వచ్చింది. "మూడో వరుస నుంచీ చుక్కలే బాబూ. మీ హాస్పిటల్ నాకు చుక్కలు చూపిస్తోంది." చుక్కలు చూపించడం అంటే ఏడిపించడం అని కూడా అర్థమని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడే చెప్పారు, నవ్వుతూ.

అదే ఆదేశం నా బల్ల మీద ఇచ్చాను. మొదటిది రౌటరు, రెండోది ఫైర్‌వాల్, తర్వాత బయటి ప్రపంచం. అంటే ఆవిడకి చుక్కలు మొదలైంది సరిగ్గా ఫైర్‌వాల్ దగ్గర. మర్నాడు మా స్టోరు గదిలోంచి ఒక పాత ల్యాప్‌టాప్, మోడెం తెచ్చుకుని, హాస్పిటల్ లోపల కూర్చుని హాస్పిటల్‌కే డయల్ చేశాను. నాకూ మూడో వరుసలో చుక్కలే. ఇది చాలా ముఖ్యం. తప్పు ఆవిడ కంప్యూటరులో లేదని, ఆవిడ ఇంటి కేబుల్లో లేదని, ఆవిడ వేళ్ళలో లేదని ఇక ఎవరూ కాదనలేరు.

నెట్‌వర్కు చూసే పెద్దాయన మొదట అన్నది, "ఇన్నాళ్ళూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదే" అని. చెయ్యరు. డయల్ చేసేవాళ్ళలో ఎక్కువమంది డాక్టర్లు, మెయిల్ చూసుకుని పెట్టేస్తారు. నా కాగితాలు రెండూ ఆయన ముందు పెట్టాను, ఆవిడదీ నాదీ. ఆయన ఫైర్‌వాల్ తెరిచి చూశాడు. అందులో బయటికి వెళ్ళనివ్వాల్సిన అడ్రసుల జాబితా ఉంది. వార్డులు ఉన్నాయి, ఆఫీసులు ఉన్నాయి, ల్యాబు ఉంది. డయల్-ఇన్ వాళ్ళకి ఇచ్చే 192.168 వరుస లేదు. అంతేకాదు, ఆ వరుసకి తిరుగు దారి కూడా ఫైర్‌వాల్‌కి ఎవరూ చెప్పలేదు. ఆవిడ దగ్గర్నుంచి మాట అక్కడి దాకా వస్తోంది, జవాబు ఎటు పంపాలో దానికి తెలియదు. దారి అంటే వెళ్ళే దారే అనుకుంటాం. నెట్‌వర్కులో ప్రతి దారికీ ఒక తిరుగు దారి విడిగా రాసి ఉండాలి, లేకపోతే వెళ్ళే దారి ఉన్నా లేనట్టే.

రెండు వరుసలు చేర్చడానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలకి అనుమతి రావడానికి పన్నెండు రోజులు, ఎందుకంటే ఫైర్‌వాల్ మార్పులకి ఒక కమిటీ ఉండేది. కమిటీ ఉండడం మంచిదే. దాని ముందు పెట్టే కాగితం మీద "ఒక ట్రాన్స్‌క్రిప్షనిస్టుకి ఇంటర్నెట్" అని రాస్తే చివర్న పడుతుందని పెద్దాయనకి తెలుసు. ఆయన "డయల్-ఇన్ ట్రాఫిక్ మొత్తం ఫైర్‌వాల్ ద్వారా వెళ్ళేలా" అని రాశాడు. భద్రత వాళ్ళు వెంటనే సంతకం పెట్టారు. భాష తెలియడం అంటే ఇది కూడా.

మార్పు జరిగిన సాయంత్రం ఆవిడకి ఫోన్ చేశాను. బిజీ. మళ్ళీ చేశాను. బిజీ. గంటన్నర పాటు బిజీ. మోడెం పనిచేస్తోందన్నమాట, అంతకన్నా ఏమీ తెలియదు. తొమ్మిదింటికి ఆవిడే చేశారు. మూడో వరుసలో అంకెలు వచ్చాయి. నాలుగు, ఐదు, ఆరు, అన్నీ చదివారు. పేజీలు మెల్లగా తెరుచుకుంటున్నాయి, అంతా ఆ మోడెం గుండా రావాలి కదా, కేబుల్ వేగం ఉండదు. "మెల్లగా అయితే ఏమైంది, మందు పేరు ఎంత బరువుంటుంది?" అన్నారు. ఆ నెలలో మూడోసారి ఆలస్యం కాలేదు. అత్యవసరం ఫైళ్ళు మళ్ళీ ఆవిడకే రావడం మొదలైంది. సూపర్‌వైజరు నుంచి క్షమాపణ మాత్రం రాలేదు. నేను అడిగితే, "అది వస్తే ఏం చేసుకుంటాను, లైన్లు వస్తున్నాయి" అన్నారు.

ఆవిడ రాసుకున్న కాగితాల ఫోటోకాపీలు పోస్టులో పంపమని అడిగాను. పంపారు. అంతా తెలుగులో, గుండ్రటి దస్తూరీలో. నేను ఫోనులో అన్న ఇంగ్లీషు మాటలన్నీ ఆవిడ చెవికి వినపడినట్టు రాసుకున్నారు. డిఫాల్ట్ గేట్‌వే ఉన్న చోట మాత్రం వీ.గు. అని ఉంది. వీధి గుమ్మం. అప్పటికి నాకు తెలుగు చదవడం కూడబలుక్కుంటూ వచ్చేది. సినిమా పోస్టర్లు కాకుండా నేను మొదటి నుంచి చివరిదాకా చదివిన మొదటి తెలుగు పేజీలు అవే. అందులో ఉన్న ప్రతి వాక్యమూ నేను చెప్పిందే కాబట్టి అర్థం ముందే తెలుసు, అక్షరాలు పట్టుకోవడమే పని.

మోడెంలు పోయాయి. ఇప్పుడు అందరూ వీపీఎన్ అంటారు. కానీ విండోస్‌లో వీపీఎన్ కనెక్షన్ సెట్టింగుల అడుగున, అన్ని పొరల కిందా, ఆ గడి ఇప్పటికీ ఉంది, అదే టిక్కుతో. 2020లో అందరూ ఇళ్ళ నుంచి పనిచెయ్యడం మొదలుపెట్టిన రోజుల్లో నిజామాబాద్ నుంచి మా బావ ఫోన్ చేశాడు. ఆఫీసుకి కలుస్తోంది, నెట్టు పోతోంది. "నీ వీధి గుమ్మం ఆఫీసుకి పోయింది బావా" అన్నాను. ఆయన పెద్దగా నవ్వి, "గీ ముచ్చట యాడ నేర్సినవ్ రా?" అన్నాడు. వాళ్ళ ఆఫీసు కూడా టిక్కు ముట్టుకోవద్దనే అంది. ట్రేస్‌రూట్ చేసి, చుక్కలు ఏ వరుసలో మొదలవుతున్నాయో రాసి వాళ్ళకి పంపమన్నాను.